రెండు జాడీలు, ఒక నాలుక

చూలై,
24 ఫిబ్రవరి 1973.

బట్లరు మోసెస్ దొరవారికి,

ప్రభువు నామంలో వందనాలు. ఆయన పేరు మీద చెప్పాల్సినవి కాబట్టి చెబుతున్నాను, నీ మీద ప్రేమ పొంగి కాదు.

ఆగస్టులో అమ్మను సమాధి చేసిన తర్వాత నీకు రాయడం ఇదే మొదలు. ఆదరణ కూడిక నాడు వందమంది ముందు, నేను వండి పెట్టిన విస్తరి తోసేసి, "ఇది అన్నమా, తవుడా" అని లేచిపోయిన మనిషికి మళ్ళీ ఉత్తరం రాస్తానని నేను అనుకోలేదు. ఇది నా అవసరం కాదు, గుడి అవసరం.

ఏప్రిల్ 22న ఈస్టరు. నలభై ఏళ్ళుగా మన గుడిలో ప్రభువు బల్ల మీదికి, రొట్టెతో పాటు పంచడానికి, అమ్మ చేసిన ద్రాక్షారసమే వెళ్ళింది. అమ్మ పోయింది కాబట్టి ఇక కొట్టులో సీసా కొనుక్కుందామని కమిటీలో మాట వచ్చింది. మద్యనిషేధం ఎత్తేసి సారా కొట్లు తెరిచి రెండేళ్ళు కాలేదు, అప్పుడే వీళ్ళ చూపు అటు పోయింది. పాస్టరు అయ్యగారు మాత్రం, ఈ ఒక్క ఈస్టరుకు జ్ఞానమ్మను చేయనిద్దాం, బాగుంటే ఆ ఇంట్లోనే సాగనిద్దాం, లేకపోతే కొందాం అన్నారట. అంటే ఈసారి తప్పితే అమ్మ పని మన ఇంటి గడప దాటి పోయినట్టే.

జనవరి మొదటి వారంలోనే రెండు జాడీలూ వేశాను. పెద్ద జాడీలో బెంగుళూరు నల్ల ద్రాక్ష, చిన్న జాడీలో పన్నీరు ద్రాక్ష. అమ్మ చేసినట్టే కడిగి, నీడలో ఆరబెట్టి, చేత్తో నలిపి, పిడికెడు గోధుమలు వేసి, మూతికి గుడ్డ కట్టాను. రోజూ కట్టె గరిటెతో తిప్పాను. మొన్న బుధవారం వడగట్టాను. ఇక మిగిలింది రెంటినీ కలపడమే. ద్రాక్ష ప్రతి ఏడూ ఒక్కలా ఉండదు కనుక, ఏది ఎన్ని చెంబులు పోయాలో నువ్వు రుచి చూసి చెప్పేవాడివి.

నేను నోట పెట్టకూడదని నీకు తెలుసు. బల్ల మీదికి పోయేదాన్ని చేసిన చేయి ముందుగా రుచి చూడకూడదని అమ్మ నియమం. మన తాత బాప్తిస్మం తీసుకోకముందు, నెల్లూరు దిక్కున, దేవుడికి పెట్టేది వండినవాళ్ళు నాలుకకు తగిలించేవాళ్ళు కాదట. దేవుడు మారినా మన ఇంట్లో ఆ అలవాటు మారలేదు. ఇది బైబిల్లో ఎక్కడా లేదని అయ్యగారు ఒకసారి అంటే అమ్మ, "బైబిల్లో లేదయ్యా, మా ఇంట్లో ఉండాది" అంది.

కాబట్టి ఆకుకూరల మునియక్క చేతికి రెండు సీసాలు ఇచ్చి పంపుతున్నాను. ఆమె పొద్దున కొత్వాల్ చావడి మార్కెట్టుకు వచ్చి మీ అంబత్తూరుకే తిరిగి పోతుంది. నల్ల దారం కట్టింది నల్లది, ఎర్ర దారం కట్టింది పన్నీరుది. ఏది ఎంతో ఒక ముక్క రాయి చాలు. నా వంట గురించి రాయనక్కరలేదు.

అక్క అని రాయక తప్పదు కాబట్టి, అక్క
జ్ఞానమ్మ


అంబత్తూరు,
2 మార్చి 1973.

చూలై జ్ఞానమ్మ గారికి మోసెస్ రాయునది.

మీ ఉత్తరం అందింది. మునియక్క సీసాలు తెచ్చింది. ఒకదాని బిరడా కారి ఆమె తోటకూర కట్టలన్నీ ఎర్రబారాయి. దానికి మాటలు నేను పడ్డాను.

ముందు ఒక సంగతి. పోయిన జూలైలో నేను పాడి స్టాపు దగ్గర బస్సు మెట్టు మీద నుంచి వెనక్కి పడి, తల వెనక దెబ్బ తగిలి, ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. మీరు రాలేదు. ఒక్క బస్సు ఎక్కితే వచ్చే దూరం. తమ్ముడి తల పగిలితే చూడటానికి రాని అక్కకు ఇప్పుడు తమ్ముడి నాలుక కావలసి వచ్చింది.

ఇక్కడ నా బతుకు ఎట్లుందో వినండి. కోడలు ఆరోగ్యమేరి కాఫీ ఇస్తే అది వేడినీళ్ళు. సాంబారులో మెంతి లేదు, ఇంగువ లేదు. చేపల పులుసు కూడా వట్టి చింతపండు నీళ్ళే. అడిగితే నా కొడుకు, అందరం అదే తింటున్నాం గదా నాన్నా అంటాడు. వాళ్ళ నోళ్ళు రేషను బియ్యానికి అలవాటు పడ్డాయి. నాది ముప్పై ఒక్క ఏళ్ళు దొరల టేబుల్ చూసిన నోరు.

ఇక మీ ద్రాక్షారసం. పద్ధతి ప్రకారమే చూశాను. పొద్దున్నే, ఏమీ తినకుండా, తెల్ల పంచె పరిచి దాని మీద గ్లాసు పెట్టి ముందు రంగు చూశాను. రంగుకు వంక పెట్టను. నల్లది నేరేడు పండు పిండినట్టు ఉంది, పన్నీరుది కొంచెం పలుచన. గ్లాసు తిప్పి, అంచు మీద నుంచి ఎంత నిదానంగా జారుతుందో చూశాను. అదీ సరే. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు. మళ్ళీ పెట్టుకున్నాను, ఏమీ లేదు. పన్నీరు ద్రాక్ష అయితే గ్లాసు ఎత్తకముందే మనిషిని పలకరించాలి. మీది నోరు మూసుకుని కూర్చుంది. నోట్లో పోసుకుని నాలుక కింద, బుగ్గల్లో తిప్పితే పులుపు, వగరు, అంతే.

దొర ఇంట్లో తాగే ఎర్ర వైను ఏనాడూ ఒక్క ద్రాక్షది కాదు. ఒక ద్రాక్ష వగరు ఇస్తుంది, ఇంకొకటి వాసన ఇస్తుంది, రెండూ కలిస్తే ఒకదాని తప్పు ఇంకొకటి కప్పుతుంది. ఆ కిటుకు నలభై మూడులో అమ్మకు చెప్పింది నేను. అంతకు ముందు ఆమె చేసింది కషాయం. ఇప్పుడు వాసన లేని దాన్ని వగరులో కలిపి మీరు మళ్ళీ ఆ కషాయానికే పోతున్నారు.

పన్నీరు అని చెప్పి పండ్ల కొట్టువాడు మీకు ఏదో అంటగట్టాడు, లేదా మీరే పచ్చికాయ తెచ్చారు. చిన్న జాడీ పారబోసి మళ్ళీ వేయండి.

ఇట్లు,
ఎం. మోసెస్, రిటైర్డ్ హెడ్ బట్లరు


చూలై,
9 మార్చి 1973.

రిటైర్డ్ హెడ్ బట్లరు గారికి,

నన్ను మీరు అని రాశావు. ఆరేళ్ళు వచ్చేదాకా నిన్ను చంకన మోసిన దాన్ని. సరే, అట్లాగే కానీ.

నువ్వు పడ్డావని నాకు ఎవడు చెప్పాడు? నీ కొడుకు కబురు పంపలేదు. జూలైలో నేను పగలూ రాత్రీ అమ్మ మంచం పక్కన ఉన్నాను. అమ్మ నిన్ను అడుగుతుంటే, రాడమ్మా, దొరలతో తిరిగి వాడూ దొర అయిపోయాడు అని చెప్పి ఊరుకోబెట్టాను. నువ్వు ఆసుపత్రిలో ఉన్నావని తెలిస్తే ఆ మాట అనేదాన్ని కాదు. చెప్పనిది మీ తప్పు, నా చేత ఆ మాట అనిపించింది మీ తప్పు.

వాసన లేదన్నావు. జాడీ మూత తీస్తే పక్కింటివాళ్ళు గోడ మీద నుంచి తొంగిచూసి, "పన్నీరు చల్లినారా, పెండ్లా మీ ఇంట్లో" అని అడుగుతున్నారు. కొట్టు సీసా కావాలని గోల చేసిన కమిటీ కార్యదర్శి మొన్న ఏదో పని మీద వచ్చి, గడపలోనే నిలబడి రెండుసార్లు ముక్కు ఎగబీల్చాడు. వీధిలో అందరికీ ఉన్న వాసన నీకొక్కడికే లేకుండా పోయిందంటే దాని పేరు వాసన కాదు, కక్ష. జాడీలు అమ్మ నా చేతికి ఇచ్చిందని నీ కడుపు మండుతోంది.

మళ్ళీ వేయమన్నావు. ఇవాళ వేస్తే తయారు కావడానికి నలభై అయిదు రోజులు. ఈస్టరు నలభై నాలుగు రోజుల్లో ఉంది. ఇది తెలిసే రాశావు.

నీతో వాదించే ఓపిక లేదు. ఈసారి నేనే కలిపి మూడు సీసాలు పంపుతున్నాను. ఒక ముడి వేసిన దాంట్లో ఐదు చెంబుల నల్లదానికి మూడు చెంబుల పన్నీరు లెక్క. రెండు ముళ్ళది ఐదుకు రెండు. మూడు ముళ్ళది సగం సగం. ఏ ముడిదో చెప్పు, అంతే. మునియక్కను తిట్టకు. బిరడాలు మైనంతో మూశాను.

జ్ఞానమ్మ


అంబత్తూరు,
16 మార్చి 1973.

జ్ఞానమ్మ గారికి,

మూడు సీసాలూ చూశాను. మూడూ ఒకటే. మొదటిది పులుపు, వగరు. రెండోది పులుపు, వగరు. మూడోది కొంచెం తీపి తగిలిన పులుపు, వగరు. ఒకే జాడీలోది మూడు సీసాల్లో పోసి నన్ను పరీక్షకు పెట్టారని నాకు అనుమానం. నాలుగు రకాల ఎర్ర వైను కళ్ళకు గంతలు కట్టి ఇస్తే ఒక్కొక్కటీ పేరు పెట్టి చెప్పిన మనిషితో ఆడే ఆట కాదిది.

నాకు కక్ష అన్నారు. నాకు ఆ జాడీలు ఎందుకు? కోడలి వంటింట్లో నా చెంబు పెట్టుకోవడానికే చోటు లేదు. నాకున్నది అమ్మ పేరు మీద పట్టింపు. వాసన లేని పులుసు నీళ్ళు అమ్మ పేరు చెప్పి బల్ల ఎక్కడం కన్నా కొట్టు సీసా మేలు. ఆ మాటే పాస్టరు అయ్యగారికి నిన్న ఉత్తరం రాసి పోస్టులో వేశాను. నేను దాచుకుని చేసే పని ఏదీ లేదు కనుక మీకూ చెబుతున్నాను.

ఎం. మోసెస్


చూలై,
24 మార్చి 1973.

తమ్ముడు మోసెస్‌కు,

నీ ఉత్తరం అయ్యగారు నాకు చదివి వినిపించారు. పక్కన కార్యదర్శి కూడా కూర్చుని ఉన్నాడు. కింద నీ పేరు, దాని కింద రిటైర్డ్ హెడ్ బట్లరు అని చదివినప్పుడు కార్యదర్శి తల ఊపాడు.

అయ్యగారు ఈస్టరుకు ముందు వారం, మట్టల ఆదివారం దాకా గడువు ఇచ్చారు. ఆలోగా కుదరకపోతే సీసాలు కొంటారు.

ఒక సీసా పంపుతున్నాను. ఇదే ఆఖరిది. ఇది ఎప్పుడు కలిపింది, ఎంత కలిపింది అని అడగకు. నా మీది కోపం పక్కన పెట్టి, పద్ధతి ప్రకారం చూసి, నీ మనస్సాక్షికి తోచింది తోచినట్టు రాయి. ఎంత వివరంగా రాస్తే అంత మేలు.

జ్ఞానమ్మ


అంబత్తూరు,
30 మార్చి 1973.

జ్ఞానమ్మ గారికి,

మొదటిసారి మర్యాదగా రాశారు. అందుకని నేనూ మర్యాదగా, వివరంగానే రాస్తాను.

రంగు ముందటి వాటికన్నా ముదురు, అంచున కొంచెం ఇటుక ఎరుపు కూడా ఉంది. చూపుకు పెద్దమనిషిలా ఉంది. అది చూసి నాకు ఆశ కలిగింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాక ఆ ఆశ పోయింది. మంచి ఎర్ర వైను గ్లాసులో ముందు పండు పలుకుతుంది, తర్వాత దాని వెనక నుంచి లవంగమో, పొగాకో, తడిసిన కట్టెపేడో, ఒకటి తర్వాత ఒకటి వస్తాయి. దీంట్లో వెనకా లేదు, ముందూ లేదు. నోట్లో వగరు చిగుళ్ళకు పట్టుకుంది. మింగిన తర్వాత ఏదీ మిగల్లేదు. పది లెక్కపెట్టేదాకా నోట్లో నిలవాలని దొర అనేవాడు. నేను రెండు కూడా లెక్కపెట్టలేదు.

ఇది చేసిన చేతికి ద్రాక్ష అంటే తెలియదు, కలిపిన మనిషికి నాలుక లేదు. చెప్పమన్నారు కాబట్టి చెప్పాను. ఇకనైనా జాడీలు కడిగి బోర్లించండి.

ఎం. మోసెస్


చూలై, 2 ఏప్రిల్ 1973.
(పోస్టు కార్డు)

ఆరోగ్యమేరీ, ఇది మీ మామకు గట్టిగా చదివి వినిపించు. పోస్టుమాను ముందే చదివి ఉంటే మరీ మంచిది.

ఒరే మోసెస్, నేను ఆఖరున పంపింది నాది కాదు. పోయిన ఈస్టరుకు అమ్మ చేసింది. కలిపింది నువ్వు. ఆ రోజు గ్లాసు దించి, ఇంతకన్నా మంచిది దొర ఇంట్లో కూడా తాగలేదని అమ్మ చేతులు కళ్ళకు అద్దుకున్నావు. అమ్మ ఒక సీసా మైనం వేసి బియ్యం డ్రమ్ములో దాచింది. చెడిపోయిందని అంటావేమో. తెరిచినప్పుడు అయ్యగారికి అర గ్లాసు పోసి ఇచ్చాను. తాగి, కళ్ళు మూసుకుని, అమ్మ పేరు చెప్పారు.

చేసిన చేతికి ద్రాక్ష తెలియదన్నావు, అది అమ్మ చేయి. కలిపిన మనిషికి నాలుక లేదన్నావు, అది నువ్వు. అబద్ధమైనా ఆడి ఉండాలి, నోరైనా చచ్చిపోయి ఉండాలి. రెంటిలో ఏదో ఒప్పుకో. అమ్మ చేతిది ఇక లోకంలో చుక్క లేదు. ఇది తెలుసుకోవడానికి నీ నోట్లో పోశాను.

జ్ఞానమ్మ


అంబత్తూరు,
5 ఏప్రిల్ 1973.

కార్డు అందింది. పోస్టుమాను చదివాడు, ఇంటివాళ్ళు చదివారు, వీధి పంపు దగ్గర ఆడవాళ్ళు కూడా చెప్పుకున్నారు. మీ కోరిక తీరింది. ఇక మీకూ నాకూ ఉత్తరాలు లేవు.

ఎం. మోసెస్


అంబత్తూరు,
10 ఏప్రిల్ 1973.

అక్కా,

ఉత్తరాలు లేవని రాసి ఐదు రోజులకే రాస్తున్నాను. నవ్వుకో.

కార్డు చదివిన మరునాడు మధ్యాహ్నం ఆరోగ్యమేరి నన్ను కూర్చోబెట్టి, తుండుతో నా కళ్ళు కట్టి, ఇంట్లోవి ఐదు వస్తువులు ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టింది. నేను ఐదింటికీ పేర్లు చెప్పాను. ఎండు చేపను మల్లెపూలన్నాను. కిరసనాయిలు గుడ్డను కాఫీ పొడి అన్నాను. ఇంగువను ఉత్త కాగితం అన్నాను. తుండు విప్పిన తర్వాత ఆ పిల్ల నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "మామా, పెండ్లయినకాడ్నించి నేను కాఫీ పొడి మార్చలే. ఒకటే పొడి" అని చెప్పి లోపలికి పోయింది.

డాక్టరు దగ్గరికి పోయాం. తల వెనక తగిలిన దెబ్బకు అట్లా అవుతుందట. నాలుకకు తెలిసేది పులుపు, తీపి, ఉప్పు, చేదు, వగరు, అంతేనట. మిగతా రుచి అంతా ముక్కుదేనట. తిరిగి వస్తుందా అని అడిగితే చెప్పలేనన్నాడు. ఎనిమిది నెలలుగా లోకమంతా చప్పబడిందని నేను లోకాన్ని తిట్టాను. అమ్మ కూడిక నాడు నీ విస్తరి తోసేసిన కోపం కూడా ఇదే. క్షమాపణ అడగడం లేదు, జరిగింది చెబుతున్నాను.

నువ్వు చేసింది నేను మరిచిపోను. ఈ సంగతి ఒక కవరులో పెట్టి పంపి ఉండొచ్చు. కార్డు మీద రాశావు. అమ్మ ఆఖరి సీసా వాసన లేని నోట్లో పోశావు. అది నేను తాగి తెలుసుకోలేకపోయాను చూడు, దానికి నిన్ను ఎప్పటికీ వదలను.

నా మాట చెల్లదని అయ్యగారికి రాశాను. ఇప్పుడు నువ్వే రుచి చూడాలి. నియమం అని నాకు చెప్పకు. అయ్యగారు బాగుందో లేదో చెప్పగలరు, ఏది ఎంత పోయాలో చెప్పలేరు. ముందు రంగు, తర్వాత వాసన, ఆ తర్వాతే నోరు. గబుక్కున మింగకు. నోట్లో తిప్పి, కొంచెం గాలి పీల్చి, మింగిన తర్వాత ఏం మిగిలిందో చూడు. ఉన్నది ఉన్నట్టు నాకు రాయి. కొలత నేను జ్ఞాపకం మీద చెబుతాను.

మోసెస్


చూలై,
15 ఏప్రిల్ 1973, మట్టల ఆదివారం.

మోసెస్‌కు,

జాలి పడతానని రాశావేమో, నాకు జాలి రాలేదు. ఎనిమిది నెలలు ఆ పిల్లను ఏడిపించావు, నన్ను గుడిలో తల దించుకునేలా చేశావు, ఇప్పుడు ముక్కు పోయిందని కాగితం రాస్తే అన్నీ చెల్లిపోతాయా?

కానీ రుచి చూశాను. గుడి నుంచి వచ్చి, అన్నం తిని, తలుపు వేసుకుని చూశాను. అమ్మ పటం గోడవైపు తిప్పాను.

నల్లది ముందు పుల్లగా తగిలింది. తర్వాత లేత వక్క నమిలినట్టు చిగుళ్ళు బిగిశాయి. చివర్న ఇనుప మేకు నాకినట్టు ఏదో ఉంది, అయినా అసహ్యంగా లేదు, మళ్ళీ తాగాలనిపించింది. పన్నీరుది నోట్లో తీపిగా పోయింది, అంతే కదా అనుకున్నాను. మింగిన తర్వాత వెనక నుంచి ముక్కులోకి వచ్చింది దాని వాసన. కూర్చుండిపోయాను. పది లెక్కపెట్టమన్నాడు కదా మీ దొర. పదిహేడు దాకా ఉంది.

బల్ల దగ్గర ఏటా ఒక గుక్క తాగుతూనే ఉన్నాను. అప్పుడు మనసుకు పాపాలు గుర్తొస్తాయి గాని రుచి ఎవరికి తెలుస్తుంది? ముప్పై ఏళ్ళు నా చేతులు నల్లబడేలా ద్రాక్ష నలిపాను. ఇంత సంగతి దీంట్లో ఉందని నువ్వు గాని అమ్మ గాని ఒక్కరోజు నాకు చెప్పలేదు. నువ్వు గ్లాసు ఎత్తి కళ్ళు మూసుకుంటే, నేను గుమ్మంలో నిలబడి నీ మొహం చూసేదాన్ని. అది తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతోంది.

నీ కొలత నాకు అక్కరలేదు. నాకు ఆ వగరు నచ్చింది. పన్నీరు ఎక్కువైతే అత్తరు పూసుకున్నట్టు అవుతుంది. ఐదుకు రెండు పోస్తాను.

జ్ఞానమ్మ


అంబత్తూరు,
18 ఏప్రిల్ 1973.

అక్కా,

ఒక్కరోజు తాగి కొలతలు చెప్పేదానివి అయ్యావు. సంతోషం. నువ్వు రాసింది మూడుసార్లు చదివాను. వక్క నమిలినట్టు చిగుళ్ళు బిగిశాయన్నావు. అంటే ఈ ఏడు నల్ల ద్రాక్షలో వగరు జాస్తి.

నువ్వు అన్నం తిన్న నోటితో చూశావు. చేపో, నూనో తగిలిన నోటికి వగరు మెత్తగా ఉంటుంది. ఈస్టరు నాడు బల్ల దగ్గరికి అందరూ పరగడుపున వస్తారు. పరగడుపు నోటికి అదే వగరు రెండింతలై గొంతు పట్టుకుంటుంది. ఐదుకు మూడు పోయి. రెండు పోస్తే తప్పు.

నా మాట కాదని రెండే పోశావో, ఆదివారం గుడికి వచ్చి అందరి ముందూ చెబుతాను. బెదిరింపు అనుకుంటే అనుకో.

మోసెస్


చూలై,
23 ఏప్రిల్ 1973.

మోసెస్‌కు,

రెండే పోశాను. నువ్వు వస్తావని తెలిసీ పోశాను.

నువ్వు ఇస్త్రీ కోటు వేసుకుని, కొడుకునూ కోడల్నీ వెంటబెట్టుకుని వచ్చి ముందు వరుసలో కూర్చున్నావు. చిన్న గ్లాసు తీసుకుని, బల్ల మీది తెల్ల గుడ్డకు ఎదురుగా పట్టుకుని చూశావు. తాగావు. ఆరాధన అయిన తర్వాత గుడి వాకిట్లో కమిటీవాళ్ళంతా నీ చుట్టూ చేరితే నేను గోడ పక్కన నిలబడి విన్నాను. "అమ్మ చేతిదానికి ఏం తక్కువలేదు. ఇంక సీసా మాట ఎత్తబాకండి" అన్నావు. కార్యదర్శి సరేనన్నాడు. పని మన ఇంట్లోనే ఉంటుందని అయ్యగారు అక్కడికక్కడే చెప్పారు.

కావలసింది దొరికింది కాబట్టి సంతోషించాలి. నాకు రాత్రంతా కోపమే. ముక్కు లేని నోటితో, ఏమీ తెలియకుండా, బాగుందన్నావు. నాకు బిచ్చం వేశావు. అంతకన్నా, నువ్వన్నట్టు అందరి ముందూ తిట్టి ఉంటే బాగుండేది. ముప్పై ఏళ్ళు గ్లాసు దించి బాగుంది, బాగుంది అన్నావే, అదంతా కూడా ఇట్లాంటిదేనా? ఒక్కదానికి నిజం చెప్పు.

జ్ఞానమ్మ


అంబత్తూరు,
26 ఏప్రిల్ 1973.

అక్కా,

ముప్పై ఏళ్ళు చెప్పింది నిజం. ఆదివారం చెప్పింది అబద్ధం.

ముక్కు పోయింది గాని కళ్ళు పోలేదు. గుడ్డకు ఎదురుగా పట్టి చూస్తేనే నువ్వు రెండే పోశావని రంగు చెప్పింది. తప్పు అని తెలిసే బాగుందన్నాను. నీ మీద దయతో కాదు. అమ్మ పెట్టిన చోట కొట్టు సీసా పెడితే చూడలేను. ఆరోగ్యమేరిని అడిగితే బాగుంది మామా అంది. ఆమె ఇప్పుడు నేనేం అడిగినా బాగుందనే అంటోంది.

నా నోటికి పులుపు, వగరు, అంతే తెలిసింది. అందుకని అడుగుతున్నాను. నువ్వు కూడా పరగడుపునే తాగావు కదా. ఎట్లుందో రాయి.

మోసెస్


చూలై,
30 ఏప్రిల్ 1973.

తమ్ముడూ,

వగరు ఎక్కువైంది. నువ్వు చెప్పినట్టే పరగడుపు గొంతుకు పట్టుకుంది. పన్నీరు వాసన రావాల్సిన చోటికి వచ్చి, అక్కడి నుంచి ముందుకు రాలేకపోయింది. నేను ఆరు లెక్కపెట్టేసరికి అయిపోయింది. ఒక్క చెంబు తక్కువ. ఐదుకు మూడే సరి.

నూటముప్పై మంది తాగారు, ఎవరూ కనిపెట్టలేదు. ఇంటికి వచ్చి చేతులు పట్టుకుని మెచ్చుకుంటున్నారు. పోయిన ఏడైతే నేనూ ఆ మెప్పు తీసుకుని హాయిగా పడుకునేదాన్ని. ఇప్పుడు తాగిన ప్రతి మనిషినీ చూసి తప్పు చేశానని అనుకుంటున్నాను. ఎవరికైనా చెబుదామంటే, ఒక చెంబు పన్నీరు తగ్గితే ఏమవుతుందో తెలిసినవాడివి ఈ ఊళ్ళో నువ్వొక్కడివే. నీకేమో రుచి చూపించడానికి లేదు.

జ్ఞానమ్మ